నైట్రోజన్ ఆవిరయ్యేలోగా

సైంటిస్టు నరసింహమూర్తిని మాదాపూర్‌లోని ఆయన ల్యాబ్‌లోనే చంపేశారు. పోతూ పోతూ పక్కనున్న, అతి చల్లని ద్రవ నైట్రోజన్ ట్యాంకు మూత తీసి వెళ్ళారు. అందులో గడ్డకట్టి ఉన్న కణాలన్నీ తెల్లారేసరికి కరిగి చచ్చిపోయాయి.

ఆ మధ్యాహ్నమే ఏజెంట్ తిమ్మప్పకు పిలుపొచ్చింది. కొత్తగా తెరిచిన హైటెక్ సిటీ భవనంలో ఇంకా అద్దెకు పోని ఒక అంతస్తు. సున్నం వాసన పోలేదు. తనకన్నా పదేళ్ళు చిన్నవాడైన గూఢచారి విభాగం చీఫ్ గిరీష్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"విదేశీ కంపెనీ ఇంజెక్షన్ ఒకటుంది. కిడ్నీ పేషెంట్లకి రక్తం పట్టేది. దానికి చవకలో దొరికే మన వెర్షన్ తయారు చేశాడు మూర్తి," అన్నాడు గిరీష్. "మాత్రని కాపీ కొట్టడం వేరు తిమ్మప్పగారూ. ఇది బతికున్న కణాలు తయారు చేసే మందు. పెరుగు లాంటిదనుకోండి. వాళ్ళ తోడు మనకివ్వరు, మన తోడు మనమే సంపాదించుకోవాలి. అచ్చం అదే కాకపోయినా, పని మాత్రం అదే చేయాలి."

"ఆ తోడే పోయింది కదా సార్?"

"కొన్ని సీసాలు మిగిలాయి. మూర్తి గచ్చిబౌలిలో స్నేహితుడి దగ్గర దాచాడు. రేపు పొద్దున వాటిని గోల్కొండ మిలిటరీ క్యాంపుకి చేర్చాలి. ఐస్‌క్రీమ్ వ్యాన్, మీరు డ్రైవర్. రమ్య మీతో వస్తుంది."

రమ్య, మూర్తిని చంపించిన ఆ విదేశీ కంపెనీ ముఠాలో పనిచేస్తూ వాళ్ళ గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. గిరీష్ పెన్ను లాంటిదొకటి చేతికిచ్చాడు. సీసాలు పెట్టిన డబ్బాలో నైట్రోజన్ తగ్గితే అది కూత పెడుతుంది.

తిమ్మప్ప మోకాళ్ళు పట్టుకుని లేచాడు. రిటైర్మెంట్ అడుగుదామనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. అనంతపురంలో అక్క ఈశ్వరమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారం వారం పడాల్సిన ఆ ఇంజెక్షన్‌ని నెలకొకటి వేయించడమే అతనికి గగనంగా ఉంది. ఆమె గడప దాటినా ఆయాసపడుతోంది.

మర్నాడు గచ్చిబౌలిలో నల్ల కళ్ళద్దాలతో, ఖరీదైన సెంటు వాసనతో రమ్య ఎదురొచ్చింది.

"వనిల్లా ఉందాండీ?"

"కరిగిపోయిందమ్మా." కోడ్ సరిపోయింది.

డబ్బా ఎక్కించడానికి ఆమే సాయం పట్టింది. మే నెల ఎండ. రాళ్ళగుట్టల మధ్య రోడ్డు కొలిమిలా ఉంది. నార్సింగి దగ్గరపడుతుండగా పెన్ను కూసింది. తిమ్మప్ప వెనక్కి తిరిగి చూశాడు. డబ్బా ఒళ్ళంతా తెల్లగా మంచు పట్టింది. ఎవరో దాని వాక్యూమ్ సీలు పీకేశారు. చల్లదనమంతా బయటికి పోతోంది.

తల తిప్పేసరికి రమ్య చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"ఆపకండి. నడుపుతూనే ఉండండి. క్యాంపు చేరేసరికి అంతా అయిపోతుంది."

"ఎందుకమ్మా?"

"రెండేళ్ళు రెండు వైపులా పనిచేశాను. అలసిపోయాను. వాళ్ళు కొత్త పేరిచ్చి దేశం దాటిస్తామన్నారు." ఆమె గొంతులో కోపం లేదు. "మీకు మాత్రం అలసట లేదా?"

"నాకా? నిద్దర్లో కూడా అలుపేనమ్మా," అన్నాడు తిమ్మప్ప. "మా యక్కకి ఇంకా ఎక్కువ."

అంటూనే స్టీరింగ్ ఎడమకు కోసి, బ్రేకు మీద నిలబడ్డాడు. రమ్య నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుంది, పిస్టల్ జారి కిందపడింది. ఆమె తేరుకునేలోగా ఆమె చేతిని తన నడుముకున్న సంకెళ్ళతో డోరు హ్యాండిల్‌కి బిగించాడు.

పెన్ను ఇప్పుడు ఆగకుండా కూస్తోంది. గచ్చిబౌలికి తిరిగి పోయే టైము లేదు. ఎదురుగా పశువుల దవాఖాన బోర్డు కనబడింది. చిన్నప్పుడు ఇంటి పాడి ఎనుమును చూలు కోసం వేసే సూదికి తోలుకుపోయిన సంగతి తిమ్మప్పకు గుర్తొచ్చింది. దున్నపోతు వీర్యాన్ని గడ్డకట్టించి దాచేది కూడా నైట్రోజన్‌లోనే!

డబ్బా ఎత్తుకుని పరుగెత్తాడు. వాకిట్లో బర్రెతో నిలబడ్డ నీలమ్మ అడ్డం తిరిగింది.

"ఏందయ్యా, గిట్ల జొరబడ్తవ్? పొద్దుగాల్నుంచి లైన్ల ఉన్న!"

"ఒక్క నిమిషం తల్లీ, ప్రాణం మీద పనుంది!"

పశువుల డాక్టరు నోరు తెరిచేలోపే తిమ్మప్ప గుర్తింపు కార్డు బల్ల మీద పడేసి, మూలనున్న నైట్రోజన్ క్యాను మూత లాగాడు. అడుగున ఇంకా పొగలు కక్కుతున్న తన డబ్బాలోంచి సీసాల బుట్ట ఎత్తి అందులోకి దించాడు. చివరి సీసా మునిగాక ఖాళీ డబ్బాలోకి చూస్తే నైట్రోజన్ చుక్క కూడా మిగల్లేదు.

మిలిటరీ వాళ్ళు వచ్చేదాకా క్యాను పక్క నుంచి కదలొద్దని గిరీష్ ఫోన్లో చెప్పాడు. తిమ్మప్ప గోడకు జారగిలబడ్డాడు. రమ్యను తీసుకెళ్ళడానికి వచ్చిన జీపు శబ్దం బయట వినిపించింది. అతను చూడలేదు.

నీలమ్మ గడపలోంచి తొంగి చూసింది.

"డ్రైవరువేనా? ఏ కంపినీ?"

"గవర్మెంటే."

ఆమె అతన్ని కిందికీ మీదికీ చూసింది.

"సర్కారోడు గిట్ల ఉరుకుడు నా జన్మల సూడలే."

ఇన్నేళ్ళ సర్వీసులో తిమ్మప్పకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.