ఊడని బొత్తాలు

"ఊపిరి బిగపట్టకు. మామూలుగా నిలబడు," అంది కుట్టు మామ్మ, మెడలో వేలాడే టేపు తీస్తూ.

పిచ్చుకకు మామూలుగా నిలబడటం చేతకాదు. ఇంట్లోవాళ్ళు ఆ ముద్దుపేరు ఊరికే పెట్టలేదు. బడి వార్షికోత్సవం నాటకంలో అందరికంటే పెద్ద నవ్వుల వేషం ఈ అయిదో తరగతి పిల్లకే దక్కింది. ఇక కాళ్ళు నేల మీద నిలుస్తాయా?

నాటకం కొత్తదేమీ కాదు, ఆ మధ్య వచ్చిన బొమ్మల సినిమాయే. చాలా ఏళ్ళ కిందట పిచ్చుక వాళ్ళ ఊరి ఆనకట్టే తెగిపోయిన కథ అది. మొదట్లోనే తెర మీద 'నిజంగా జరిగిన కథ ఆధారంగా' అని బంగారు అక్షరాలు పడతాయి. ఆ తర్వాత ఎర్ర రిబ్బను కట్టుకున్న కోడిపెట్ట ఒకటి పాడుతూ వస్తుంది. ఇక పాటే పాట. నీలంగా మెరుస్తూ వరద వస్తే, జనం తలుపులెక్కి, మంచాలెక్కి, పడవ షికారుకు వెళ్ళినట్టు తేలిపోతూ పాడతారు. ఒక్కరికీ జుట్టు కూడా తడవదు.

పిచ్చుక ఆ సినిమా థియేటర్లో రెండుసార్లు చూసింది. ఇంట్లో ఎన్నిసార్లు చూసిందో టీవీకే తెలియాలి. ఆమె నీళ్ళ సీసా మీద కోడి, పెన్సిలు డబ్బా మీద కోడి, చివరికి దిండు గలీబు మీద కూడా కోడే.

అయితే పిల్లల్ని పడీ పడీ నవ్వించేది కోడి కాదు, వాచ్‌మన్. ఆనకట్ట మీద గంట కొట్టాల్సినవాడు బొజ్జ మీద చేతులు పెట్టుకుని నిద్రపోతాడు. పాటలో గురక వచ్చినప్పుడల్లా కోటు బొత్తం ఒకటి టప్పున ఎగిరిపోతుంది. ఆఖరి బొత్తం వచ్చి కోడి ముక్కుకు తగులుతుంది. కోడికి ఒళ్ళు మండి తనే గంట కొట్టి ఊరిని కాపాడుతుంది. ఆ వాచ్‌మన్ వేషమే పిచ్చుకది.

టేపు నడుము చుట్టూ ఉండగానే ఆమె పాట అందుకుంది. "గుర్రు గుర్రు, గంట రేపు కొడతాలే. గుర్రు గుర్రు, నీళ్ళొచ్చాక చూస్తాలే."

కుట్టు మామ్మ చెయ్యి ఆగింది. ఆవిడ కొలత మళ్ళీ మొదటి నుంచి తీసుకుంది.

పిచ్చుక తనకేం కావాలో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. బొజ్జలో దూది కూరాలి. కాలరు వంకరగా ఉండాలి. కోటు మాసినట్టుండాలి. బొత్తాలు మాత్రం లాగితే ఊడిపోయేలా వదులుగా కుట్టాలి.

"ఆయన కోటు శుభ్రంగానే ఉండేదమ్మా," అంది మామ్మ, టేపు చుట్టుకుంటూ. "బొత్తాలన్నీ ఉండేవి."

పిచ్చుకకు నవ్వొచ్చింది. "మీకు తెలీదు మామ్మగారూ. మీరు సినిమా చూడలేదు కదా. వాడు ఒట్టి నిద్రమొహం. నిజంగా జరిగిందని మొదట్లోనే వేశారు."

మామ్మ కొలతలు రాసుకుంది. ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళమంది.

చెప్పిన రోజుకు కోటు తయారైంది. బొజ్జ భలేగా కుదిరింది, కాలరు కావలసినంత వంకరగా ఉంది. పిచ్చుక అద్దం ముందు నిలబడి ఒక బొత్తం పట్టుకుని లాగింది. అది కదల్లేదు. ఇంకోటి లాగింది. అదీ అంతే.

"వదులుగా కుట్టమన్నాను కదా," అంది ముఖం చిన్నబుచ్చుకుని.

"నా వల్ల కాలేదమ్మా," అంది మామ్మ.

అవతల రిహార్సల్‌కు టైమవుతోంది. పిచ్చుక మిషను మీదున్న కత్తెర తీసుకుంది. అడగను కూడా అడగలేదు. గుర్రు గుర్రు అని పాడుకుంటూ బొత్తాల దారాలు కత్తిరించేసింది. అవి టకటకా రాలి బల్ల కింద చెల్లాచెదురయ్యాయి. మామ్మ మోకాళ్ళు పట్టుకుని వంగి, ఒక్కొక్కటీ వెతికి ఏరింది. గుప్పిట మూసి కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత వాటిని చిన్న కవరులో వేసి ఇచ్చింది. పిచ్చుక థాంక్స్ చెప్పి పరుగెత్తింది.

ఆ రోజు రిహార్సల్‌లో బొత్తాలను బంకతో అంటించుకుని ఆడింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఇంటికొచ్చి ఆ గొప్పంతా నాయనమ్మకు చెప్పింది. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ వింటోంది. ఇన్నాళ్ళూ మనవరాలు పాడే గుర్రు పాట ఏదో కోడి పాట అనుకుంది. మామ్మ మాట వినలేదనీ, బొత్తాలు తనే కత్తిరించాననీ పిచ్చుక చెబుతుంటే ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఏ వాచ్‌మన్ గురించే ఆ పాట?"

"ఆనకట్ట వాచ్‌మన్. నిద్రపోయాడే, వాడు."

నాయనమ్మ పళ్ళెం పక్కన పెట్టేసింది. "అతను నిద్రపోలేదే. గంట కొడుతూనే ఉన్నాడు. అది విని మా నాన్న నన్ను భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. మేం పైకెక్కి కూర్చున్నాక కూడా అది మోగుతూనే ఉంది. ఆ తర్వాత ఆగిపోయింది. ఎందుకాగిందో పెద్దవాళ్ళకి అర్థమైంది."

"మరి కోడి?"

"కోడీ లేదు, ఏమీ లేదు."

"అందరూ బతికారు కదా నాయనమ్మా?"

నాయనమ్మ లేదని తలూపింది. ఏటి పక్క వీధులకు వీధులే కొట్టుకుపోయాయట. నీళ్ళు తగ్గాక బురదలో దొరికినవాళ్ళను తెచ్చి బడి వరండాలో పడుకోబెట్టారట. రోజూ పిచ్చుక చెప్పులు విడిచేది ఆ వరండాలోనే. ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమైందట.

"అతన్ని కూతురు గుర్తుపట్టింది," అంది నాయనమ్మ. "అప్పుడు నీ అంత ఉండేది. ముందురోజు వాళ్ళ నాన్న కోటు బొత్తం ఊడితే తనే కుట్టిందట. నల్ల దారం దొరక్క ఎర్ర దారంతో కుట్టింది. అన్నీ పోయినా ఆ ఒక్క బొత్తం ఊడలేదు. అది చూసి, 'ఈయన మా నాన్నే' అంది."

పిచ్చుకకు అడగాలంటే భయం వేసింది. అయినా అడిగింది. "ఆ కూతురు ఎవరు?"

"ఇంకెవరు? నీ కుట్టు మామ్మే."

బొత్తాలు నేల మీద పడ్డ చప్పుడు పిచ్చుక చెవుల్లో మళ్ళీ వినిపించింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి తనకెందుకు చెప్పలేదని నాయనమ్మ మీద ఏడ్చింది.

"మనసు రాక ఊరుకున్నాం," అంది నాయనమ్మ. "మేం ఊరుకున్నాం కాబట్టే మధ్యలో కోడి వచ్చి కూర్చుంది."

మర్నాడు బడి వదలగానే పిచ్చుక కోటు, కవరు పట్టుకుని కుట్టు మామ్మ షాపు గుమ్మంలో నిలబడింది. దారంతా క్షమించమని వల్లించుకుంటూ వచ్చింది. చివరికి, "బొత్తం కుట్టడం నేర్పుతారా?" అని అడిగింది.

మామ్మ ఆమెను ఎగాదిగా చూసి సూది ఇచ్చింది. పర్లేదులే అనలేదు, నవ్వనూ లేదు. దారం రెండు పేటలు వేసుకోమంది. బొత్తం కింద దారం చుట్టి అప్పుడు ముడి వెయ్యమంది. పిచ్చుక వేళ్ళకు సూది గుచ్చుకుంటూనే ఉంది. రెండు బొత్తాలు వంకరపోతే మామ్మ విప్పించి మళ్ళీ కుట్టించింది.

"మీకు తెలీదన్నాను," అంది పిచ్చుక తల వంచుకునే.

"విన్నాను."

మిషను కాసేపు ఆడింది. తర్వాత ఆవిడే మొదలుపెట్టింది. "మా నాన్నకి పాటలంటే పిచ్చి. గొంతు మాత్రం ఘోరం. ఆయన పాడుతుంటే మా అమ్మ చెవులు మూసుకునేది."

పిచ్చుక నవ్వబోయి ఆపుకుంది. నాటకానికి వస్తారా అని అడిగింది.

"ఆ పాట వినపడితే నేను తలుపు వేసుకుంటానమ్మా," అంది మామ్మ.

పిచ్చుక కోటు బొజ్జలోని దూది తీయించేసింది, కాలరు సరిచేయించింది. ఆఖరి బొత్తం ఇంటి దగ్గర కుట్టుకుంటానని జేబులో వేసుకుంది.

ఆ తర్వాత డ్రామా సార్ దగ్గరికెళ్ళి అంతా చెప్పింది. సార్ చాలాసేపు గడ్డం గోక్కున్నారు. పాట రికార్డు చేసి ఉంది, ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. పాట నడిచేటప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం ఆమెకే వదిలేస్తానన్నారు.

"కానీ జనం నవ్వరు," అన్నారు. "అంతసేపూ స్టేజి మీద నువ్వొక్కదానివే. తట్టుకోగలవా?"

"తెలీదు సార్," అంది పిచ్చుక.

కోడి వేషం వేసే బొద్దు మాత్రం మూతి ముడుచుకుంది. బొత్తం తగలకపోతే కోడికి కోపం ఎందుకొస్తుందని అడిగింది. గంట తనే కొడతానంది పిచ్చుక. బొద్దు రెండు రోజులు మాట్లాడలేదు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. గుర్రు పాట మొదలవగానే ముందు వరసలోని చిన్నపిల్లలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. తెర లేచింది. స్టేజి మీద బొజ్జ లేని వాచ్‌మన్, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, గంట తాడు పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

స్పీకర్లలో గురక వినిపించింది. బొత్తం ఊడలేదు. మళ్ళీ గురక. మళ్ళీ ఏమీ లేదు.

"బొత్తం, బొత్తం," అని పిల్లలు అరిచారు. వెనక ఎవరో ఈల వేశారు. ఒక్క బొత్తం లాగితే చాలు, హాలంతా తనదే. ఆ సంగతి పిచ్చుకకు తెలుసు. చెయ్యి తాడు మీద నుంచి తీయలేదు.

అరుపులు మెల్లగా తగ్గాయి. ఆ నిశ్శబ్దంలో ఆ హుషారు పాట వినడానికే చెడ్డగా ఉంది. రికార్డులో గంట మోగగానే పిచ్చుక తాడు లాగసాగింది. గంట మోత అయిపోయినా ఆపలేదు. చప్పుడు లేని తాడును లాగుతూనే ఉంది. చివరికి సార్ తెర దించేశారు.

చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. నాయనమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు మాత్రం లేచి నిలబడి ఉన్నారు.

పిచ్చుక కోటు విప్పకుండానే షాపుకు పరుగెత్తింది. తలుపు వేసి ఉంది. రెండుసార్లు కొడితే మామ్మ తీసింది.

"నేను నిద్రపోలేదు," అంది పిచ్చుక ఆయాసపడుతూ.

మామ్మ ఆమెను దీపం కిందకు తీసుకెళ్ళింది. అలవాటు కొద్దీ పైనుంచి ఒక్కో బొత్తం పట్టుకుని లాగి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. అన్నిటికంటే కిందిదాని దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అది ఎర్ర దారంతో కుట్టి ఉంది.

ఆవిడ ఆ దారాన్ని వేలి కొసతో తడిమింది.

"లాగి చూడండి మామ్మగారూ," అంది పిచ్చుక.

మామ్మ లాగింది. అది ఊడలేదు.