తందూరులో కాల్చిన ఉత్తరం

పరాయివాళ్ళ ఉత్తరం చదవడమంటే నిప్పులోకి తొంగి చూడటమేనని మా పెద్దలు చెబుతారు. మరి రాసినవాడు పోయి నాలుగు వేల ఏళ్ళయితే? ఈ సందేహం నాకు పద్దెనిమిదేళ్ళుగా ఉంది, కుల్‌తేపే దిబ్బ పక్కన యూనివర్సిటీ వాళ్ళ తవ్వకాల బంగళాకు కాపలాదారుగా చేరిన నాటినుంచి. ఆ కాలపు వర్తకులు మట్టిపలకల మీద రాసుకున్న ఉత్తరాలు అక్కడే ఉంటాయి. ఇమాం గారిని అడిగాను. "చూద్దాం హస్బీ" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఈలోగా ఆ ఉత్తరాలు చదివే గుల్చిన్‌కీ, వాటిని లెక్కగట్టడానికొచ్చిన ఆల్పెర్‌కీ పోట్లాట మొదలైంది.

ఆల్పెర్ ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఎకనామిక్స్ స్కాలరు. వచ్చిన పూటే ల్యాప్‌టాప్ తెరిచి, ఒక ఉత్తరం చూసి, "ఈ వర్తకుడికి వ్యాపారం రాదండీ" అని తేల్చేశాడు.

గుల్చిన్ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఏం, మీ దగ్గర ట్యూషన్ చెప్పించుకోలేదనా?"

"ఎక్కడో దూరాన అషూరు పట్నంలో ఉన్న భార్యకు రాస్తున్నాడు చూడండి. 'బట్టలు పంపేటప్పుడు గాడిద మీద సగం బరువే వెయ్యి' అంట. మేత మాత్రం పూర్తిగా పెట్టాలిగా! నష్టం కాదూ?"

"పాపం, గాడిదకి ఓపిక లేదేమో."

"నిండు బరువూ మోస్తుంది. నిరూపిస్తాను."

నిరూపించడానికి మా గాడిద కదీఫేని అడిగాడు. డెబ్బై కిలోల ఇసుక మూటలు కట్టి, స్టాప్‌వాచ్ నొక్కాడు. కదీఫే హుందాగా నాలుగడుగులు వేసి, మా వియ్యంకుడి శనగచేలో కూర్చుంది. ఆల్పెర్ తాడు లాగాడు, బతిమాలాడు, చివరికి దాని పక్కనే కూలబడ్డాడు.

"హస్బీ బాబాయ్, వీళ్ళిద్దరిలో రీసెర్చ్ చేసేదెవరు?" అంది గుల్చిన్.

"నాకు తెలిసి కదీఫేకి స్కాలర్‌షిప్ రాదమ్మా" అన్నాను.

ఆ రోజునుంచీ టీ టీకీ ఒక గొడవ. ఒక పూట గొడవ జరగకపోతే మాత్రం ఇద్దరూ విడివిడిగా వచ్చి, "ఆవిడ కనిపించలేదేం?", "ఆయనకు జ్వరమా?" అని నన్నే అడిగేవారు.

అంతలో గుల్చిన్‌కి అంకారాలో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం ప్రయాణం. ఆల్పెర్ ముఖం వాడిపోయింది.

"మనసులో మాట చెప్పెయ్ నాయనా" అన్నాను.

"ఆవిడ ఉద్దేశం తెలీకుండా ఎలా బాబాయ్? డేటా చాలదు."

గురువారం పొద్దున గుల్చిన్ అతన్ని పిలిచింది. "ఆ సగం బరువు పలకని మీరు ల్యాప్‌టాప్‌లోకి పూర్తిగా ఎక్కించుకున్నారా?"

"ముందూ వెనకా రెండు వైపులా."

"అంచు?"

అతను ల్యాప్‌టాప్‌లో వెతికాడు. చోటు చాలకపోతే ఆ రోజుల్లో వాళ్ళు పలక అంచు మీద కూడా రాసేవారు. లెక్కలవాడు కదా, అంచు జోలికి పోలేదు.

గుల్చిన్ పలకని పక్కకు తిప్పి చదివింది. "'మిగతా సగం చోట నువ్వు కూర్చుని వచ్చెయ్. ఇక్కడ ఇల్లు బోసిగా ఉంది.'"



"దీన్ని ఏ గడిలో వెయ్యను?" అన్నాడు ఆల్పెర్ మెల్లగా.

"ఎకనామిక్స్ మీదేగా. మీరే చెప్పాలి" అని ఆమె వెళ్ళిపోయింది.

అతను తిన్నగా మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. మట్టి పిసికి, చిన్న పలక చేసి ఏదో రాశాడు. పాతకాలం వాళ్ళలాగే దాని చుట్టూ మట్టి కవరు కూడా చుట్టాడు. వాళ్ళయితే ఎండలో ఆరబెట్టేవారు, తట్టితే కవరు ఊడొచ్చేది. ఇతనికి అంత తీరికెక్కడిది? "నదీరె పిన్నీ, తందూరు ఖాళీయేనా?" అని మా ఆవిణ్ణి అడిగాడు. రొట్టెలు దింపి ఉత్తరం పెట్టింది నదీరె.

శుక్రవారం పొద్దున టాక్సీ వచ్చింది. ఆల్పెర్ కాలి ఇటుకైపోయిన ఉత్తరాన్ని గుల్చిన్ చేతిలో పెట్టాడు. ఆమె గోడకేసి తట్టింది. పెచ్చయినా ఊడలేదు. నా సుత్తి తీసుకుంది. మూడో దెబ్బకి కవరూ ఉత్తరమూ కలిసి పొడయ్యాయి.

ఒక ముక్కని ఏరి చూసింది. "ఇక్కడ 'గాడిద' అని ఉంది. నన్నేనా?"

"అయ్యో, కాదండీ! నన్నే!"

"మిగతాదో?"

"నోటితో చెప్పాలా?"

"రాసింది కాల్చి ఇటుక చేశారుగా."

ఆల్పెర్ చెవులు ఎర్రబడ్డాయి. "నా కార్లో పక్క సీటు ఖాళీ అండీ. అంకారా దాకా... ఆ తర్వాత కూడా ఖాళీయే. మీరు కూర్చుంటే... అంటే, పెళ్ళి చేసుకుందామా?"

"మీ కారు కూడా దారిలో శనగచేలో కూర్చోదు కదా?"

"కూర్చుంటే నేను తోస్తాను."

"మా అమ్మ కైసేరి మనిషి. గట్టిగా బేరమాడుతుంది మరి" అంటూనే గుల్చిన్ తన పెట్టెలు టాక్సీలోంచి దింపించేసింది.

"మాషల్లా" అన్నాను, ఆనందం పట్టలేక.

ఆల్పెర్ కారు మలుపు తిరిగాక నదీరె మట్టి ఊడుస్తూ నా వైపు చూసింది. "ఆ అబ్బాయి ఉత్తరం కోసం నా తందూరంతా మట్టి చేశాడు. నువ్వు మిలటరీలో ఉండగా నేనొకటి రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళు. జవాబేదీ?"

నిజమే. నా దస్తూరి చూసి నవ్వుతుందని రాయలేదు.

అక్కడే మెట్టు మీద కూర్చుని, గేటు రిజిస్టర్లోంచి ఒక కాగితం చించాను. "నదీరెకు, నీ ఉత్తరం అందింది. నేను క్షేమం. అడిగావు కదా, నువ్వల్లిన మేజోళ్ళు సరిపోయాయి. ఎడమది కాస్త బిగువు."

నదీరె చేతులు తుడుచుకుని రెండుసార్లు చదివింది.

"ఎడమదాని మీద నాకప్పుడే అనుమానం" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.