మూడు ప్లస్సులు

ఆ ఉదయం లెక్కల మాస్టారు గడ్డం గీసుకోవడం కూడా మానేసి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని బయాప్సీ రిపోర్టు చదువుతున్నారు. చేతిలో ఎర్ర పెన్ను. రిటైరై నాలుగేళ్లయినా, ఆ పెన్ను లేకుండా ఆయన ఏ కాగితమూ చదవలేరు.

"ఇదిగో, విన్నావా! హై గ్రేడ్ అట. రిసెప్టర్ పాజిటివ్. ఇంకోదానికి ఏకంగా మూడు ప్లస్సులు! నా సర్వీసులో ఎవరికీ వేయలేదు మూడు."

"ఒక్కటి వేయడానికే ప్రాణం పోయినట్టు చేసేవారుగా," అంటూ భార్య వంటింట్లోంచి వచ్చింది.

చెవి కింద లాలాజల గ్రంథిలో లేచిన గడ్డ వల్ల మూడు నెలలుగా ఆయన ఎడమ చెంప కదలడం లేదు. "నవ్వడంలోనూ పిసినారితనమే, సగమే నవ్వుతారు," అంటూ మూతపడని ఎడమ కంట్లోంచి కారే నీటిని తువ్వాలుతో తుడిచింది. రోజుకు పదిసార్లు తుడుస్తుంది. అది ఏడుపు కాదని ఇద్దరికీ తెలుసు.

డ్యూటీకి బయలుదేరుతున్న కూతురు ఆ మాటలు వింది. ఆమె పనిచేసే ల్యాబ్‌లోనే ఆ పరీక్ష జరిగింది. నాన్న గడ్డ ముక్కకు రంగు వేసింది తనే. మైక్రోస్కోపు కింద ప్రతి కణం చుట్టూ చిక్కటి గోధుమరంగు గీత చూసి అది మొండి రోగమని గ్రహించింది. ఇంటికొచ్చి మాత్రం "బాగానే ఉంది నాన్నా," అంది.

చెప్పులు వేసుకోబోతూ క్యాలెండరు చూసింది. గురువారం చుట్టూ తను చుట్టిన సున్నా మీద ఎర్రటి కొట్టివేత.

"ఇదేంటి నాన్నా?"

"ఆపరేషన్ వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. క్యాన్సరయితే అయింది, మంచి గ్రేడ్‌దే వచ్చింది. ఇంక కోతలెందుకే?"

"ఎవర్నడిగి చెప్పావ్?" ఆమె గొంతు ఆయన మీద లేవడం అదే మొదలు.

"ఎవర్నడగాలే? చదవడం రాదా నాకు?"

"రాదు! అవి మార్కులు కావు నాన్నా. గ్రేడ్ ఎంత పెద్దదైతే రోగం అంత తొందరగా పాకుతుంది. నీది అన్నిటికంటే పెద్దది."

తువ్వాలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది.

"మరి ఆ పాజిటివ్? ఆ మూడు ప్లస్సులు?" ఆయన రిపోర్టులో ఆ మాటల మీద వేలు పెట్టారు.

"పాజిటివంటే మందు పట్టుకోవడానికి కణాల మీద ఓ పిడి ఉందని. మూడు ప్లస్సులంటే అలాంటి పిడులు మరీ ఎక్కువని. పట్టుకున్నా... కొన్నాళ్లే."

"బాగానే ఉందన్నావు కదే," అంది తల్లి. "నాలుగు రోజులుగా కడుపునిండా తింటున్నానే నేను!"

"మీరిద్దరూ నవ్వుతుంటే చూడాలనిపించిందమ్మా. సగం నవ్వైనా."

మాస్టారు రిపోర్టు మడిచారు. మళ్లీ విప్పారు. "తప్పు చదివాను. నువ్వే దిద్దు," అంటూ ఎర్ర పెన్ను కూతురి చేతిలో పెట్టారు. చిన్నప్పుడు ఆ పెన్ను ముట్టుకుంటే వేళ్లు వాచేవి.

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. గురువారం ఇంకెవరికో ఇచ్చేశారట. పై సోమవారమే ఉందట. క్యాలెండరులో సోమవారం చుట్టూ సున్నా చుట్టింది. వంకరగా వచ్చింది.

తల్లి అలవాటుగా తువ్వాలు ఎత్తింది. ఈసారి ఆయన కుడి కన్ను కూడా కారుతోంది. ముందు ఏది తుడవాలో ఆమెకు తెలియలేదు.