మూత మార్చిన డబ్బా

మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి బేరాలమ్మ చేతిలో రెండు చిన్న డబ్బాలున్నాయి. బడిలో నర్సు చేసే మలపరీక్ష కోసం అమ్మ పొద్దున్నే ఇచ్చి పంపింది. పేర్లు మూతల మీద ఉన్నాయి. ఒకటి తనది, రెండోది ఒకటో తరగతి చదివే తమ్ముడు బుడ్డోడిది.

చాక్‌పీసు ముక్క అడిగినా "బదులేమిస్తావ్?" అంటుందని నాలుగో తరగతి వాళ్లు ఆమెకు పెట్టిన పేరు బేరాలమ్మ. ఈసారి బేరం తనతోనే. పొద్దున తన డబ్బాలో తెల్లగా ఏదో కదిలింది. నెల రోజుల కడుపునొప్పి ఒక నష్టం. "పురుగుల పొట్ట" అనే పేరు పడితే రెండో నష్టం. బుడ్డోడికి ఆరేళ్లు. వాడికి పరువేమిటి?

నర్సు గది గుమ్మం దగ్గర మూతలు మార్చేసింది.

మూడో రోజు నర్సు బుడ్డోడిని పిలిపించింది. తోడుగా అక్కనూ రమ్మంది. పురుగులున్న వాళ్లనే పిలుస్తారని బడంతటికీ తెలుసు.

"ఒరేయ్, పురుగుల పొట్ట!" వరండాలో ఇద్దరు పిల్లలు అరిచారు.

బుడ్డోడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. "అవి నన్ను లోపల్నుంచి తినేస్తాయా అక్కా?"

బేరాలమ్మ వాడిని నర్సు గదిలోకి నడిపించింది. "ఏం కాదులేరా."

"మరి నీకెందుకు లేవు? ఇద్దరం పెరట్లో అవే క్యారెట్లు తిన్నాంగా!"

నర్సు మాత్ర పొడి చేసి చెంచాలో నీళ్లతో కలిపింది. వాడు కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచాడు.

నొప్పి తన కడుపులో, మందు వాడి నోట్లో. ఎటు తిప్పి చూసినా ఇది తప్పుడు బేరమే.

"ఆగండి సిస్టర్! ఆ డబ్బా నాది. మూతలు మార్చాను."

నర్సు చెంచా ఆగింది. "కడుపునొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"నెల."

"పెరట్లో క్యారెట్లు పీకి గౌనుకి తుడుచుకుని తినేస్తుంది సిస్టర్," బుడ్డోడు అందుకున్నాడు.

"చాడీలు చెప్పకురా!"

"తుడిస్తే మట్టి పోతుందమ్మా, పురుగుల గుడ్లు పోవు. అవి కంటికి కనబడవు," అంది నర్సు.

చెంచాలోది బేరాలమ్మే మింగింది. చేదు. వరండాలో ఆ ఇద్దరి ముందు ఆగి, "పురుగులు వాడికి కాదు, నాకు," అంది. వాళ్లు వెంటనే అదే కేక ఆమె మీదికి తిప్పారు.

సాయంత్రం బుడ్డోడు క్యారెట్ పీకి నోటిదాకా తెచ్చాడు. బేరాలమ్మ లాక్కుని కుళాయి కింద రుద్ది కడిగింది. తన చేతులూ వాడి చేతులూ సబ్బుతో తోమి, గోళ్ల సందులు వెతికింది.

కొన్నాళ్లకు లెక్క తేలింది. కడుపునొప్పి పోయింది. వెక్కిరింపు నాలుగు రోజులు నడిచి ఆగిపోయింది. అన్నం వేళకు మాత్రం బుడ్డోడు అక్క కంటే ముందే కుళాయి దగ్గర చేతులు చాపి నిలబడుతున్నాడు.