ఐదు మూరల వెండి తీగ

మధ్యాహ్నం గంట కొట్టారు. ఏడో తరగతి ఆడపిల్లలు గబగబా తిని, చేతులు కడుక్కుని, వరండాలో ముబషిరా చుట్టూ మూగారు.

నేల మీద రెండు అట్టలున్నాయి. ఒక్కో అట్ట మీద రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, వాళ్ల మాటలో బుగ్గ. ఒకదాని మీద గుండుసూదుల మధ్య అటూ ఇటూ తిప్పి కట్టిన రాగి తీగ. రెండోదాని మీద అలాగే కట్టిన వెండి తీగ.

"చూస్తుండండి. రాగిది దీపం లెక్క వెలుగుతది. వెండిది సూర్యుని లెక్క వెలుగుతది" అంది ముబషిరా. వారం రోజులుగా ఇదే మాట చెబుతోంది.

అన్ని లోహాల్లోకీ కరెంటును బాగా పోనిచ్చేది వెండే అని, రాగి దాని తర్వాతేనని సైన్స్ మేడం చెప్పింది. ఆ మాట ముబషిరా చెవిలో జోరీగలా తిరిగింది. వాళ్ల నాన్న మొయినుద్దీన్‌కు అలంపూర్‌లో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. అక్కడ రాగి తీగకు కొదవ లేదు. మరి వెండి? రెండు పండుగలకు పెద్దలిచ్చిన ఈదీ డబ్బులు దాచుకున్న డబ్బీ తీసుకుని, నగలు చేసే అవుసలి బాలయ్య తాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, రెండు గ్రాముల వెండి కావాలె."

"తాయెత్తుకా బిడ్డా?"

"కాదు. ప్రయోగానికి. సన్నగ తీగె తీసియ్యాలె."

బాలయ్య నవ్వలేదు. కల్తీ లేని వెండి తీసి కరిగించాడు. కమ్మచ్చు అనే, వరసగా రంధ్రాలున్న ఇనుప పలకను మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి మార్చి మార్చి లాగాడు. చెమట కారింది. చివరికి వెండి దారమంత సన్నగా సాగింది.

"నీ రాగి తీగె గూడ ఇటియ్యి. రెండూ ఒకటే బెజ్జంల నుంచి రావాలె. లేకుంటే జోడెట్ల కుదురుతది?" అన్నాడు. రెంటినీ ఐదేసి మూరలకు కోసి ఇచ్చాడు. పని కూలి మాత్రం తీసుకోలేదు. "నా వెండి బడికి పోతున్నది. గంతే చాలు" అన్నాడు.

ఇప్పుడు వరండాలో ముబషిరా రెండు తీగల కొసలూ సెల్లులకు కలిపింది.

రెండు బుగ్గలూ వెలిగాయి. రెండూ ఒకే తీరుగా వెలిగాయి.

సెల్లులు మార్చింది. బుగ్గలు మార్చింది. చున్నీ కప్పి చీకటి చేసి చూసింది. ఊహూ. తేడా లేదు.

"ఏందే ముబషిరా, నీ సూర్యునికి మబ్బు పట్టిందా?" అంది గీత.

"ఈదీ పాయె, సూర్యుడు రాకపాయె!" అంది కౌసర్.

అందరూ గొల్లుమన్నారు. ముబషిరా చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు ఆగాలి. ఎట్లాగైనా ఆగాలి.

"నా తప్పేం లేదు. అవుసలి తాత మోసం చేసిండు. గిది వెండే కాదు" అనేసింది.

నవ్వు నిజంగానే ఆగిపోయింది.

గీత ముఖం మారింది. "నిజమానే? మా చెల్లె పట్టీలు ఆయన తాననే చేపిస్తున్నం."

అప్పుడైనా ముబషిరా మాట వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. తలవంచుకుని తీగలు చుట్టుకుంది.

మర్నాడు సాయంత్రం బడి నుంచి వస్తుంటే బాలయ్య దుకాణం ముందు నలుగురు నిలబడి ఉన్నారు. లోపల గీతవాళ్ల నాయనమ్మ జములమ్మ గొంతు వినబడుతోంది.

"చదువుకునే పిల్లకిచ్చే వెండిల గూడ కల్తీనా బాలయ్యా? నా పట్టీలు నాకియ్యి. సగం చేసినా సరే, నాకొద్దు."

"ఇస్త జములమ్మా. ఆగు, జోకి ఇస్త. నువ్వు తెచ్చిన నాలుగు తులాలు ఉన్నయో లేదో చూసుకో."

"నీ త్రాసు నాకొద్దు!"

జములమ్మ మూట లాక్కుని విసవిసా వెళ్లిపోయింది. చూస్తున్నవాళ్లు గుసగుసలాడుకున్నారు. బాలయ్య చేయి త్రాసు మీద అలాగే ఉండిపోయింది. తలెత్తితే ఎదురుగా ముబషిరా కనబడింది. చూశాడంతే.

ముబషిరా ఇంటికి పరుగెత్తింది.

పెట్టిన ఉప్మా పెట్టినట్టే ఉంది. అమ్మ గౌసియాబీ కంగారుగా నుదుటి మీద చేయి వేసింది. "జ్వరమా? బడిల ఎవరన్న ఏమన్న అన్నరా? చెప్పు బేటీ, నాకు పరేషాన్ అయితున్నది."

"ఎవరేమనలే అమ్మీ. నేనే అన్న."

జరిగిందంతా చెప్పింది. ఉయ్యాలలో పడుకున్న తమ్ముడి మెడలో వెండి తాయెత్తు ఉంది. గౌసియాబీ దాన్ని వేళ్లతో సవరించింది.

"గిది చేసింది గూడ ఆయననే" అంది. "నేను ఎక్కువ చదవలే. నాకు తెల్వదు. అబ్బా తానకి పో. గది వెండో కాదో ముందు తెలుసుకో."

దుకాణంలో మొయినుద్దీన్ కాలిపోయిన బోరు మోటారు విప్పుతున్నాడు. కూతురు చెప్పింది విని, చేతులు తుడుచుకుని, కర్నూలులో కొన్న, కరెంటు లెక్క చెప్పే మీటరు తీశాడు. రాగి తీగ కొసను వెండి తీగ కొసకు మెలిపెట్టాడు. సెల్లులు, బుగ్గ తగిలించాడు.

"ఇప్పుడు రెండిట్ల నుంచి ఒకటే కరెంటు పోతున్నది బేటా. పొయ్యేటప్పుడు తీగె సెల్లుల బలంల జర తింటది. బోరు దూరముంటే మోటారు మూలుగుతది చూడు, గందుకే. ఏది ఎంత తిన్నదో మీటరు చెప్తది. నువ్వే చూడు."

ముబషిరా మీటరు మొనలను రాగి తీగ రెండు చివర్ల ఆనించింది. నూట ఆరు మిల్లీవోల్టులు. వెండి తీగకు ఆనించింది. నూరు.

"ఆరే తేడానా అబ్బా?"

"ఆరే. నూరుకు ఆరు. మోటార్లన్నిట్ల రాగే ఎందుకు చుడుతమనుకున్నవు? తేడా గింతే, ధర తక్కువ. సెల్లులిచ్చేది మూడు వేలు. గందుల గా ఆరు నీ కంటికి కనబడుతదా?"

ముబషిరా తల అడ్డంగా ఊపింది. "అంటే గిది..."

"అసలు వెండి. కల్తీదైతే రాగి కంటె ఎక్కువ తినేది."

అంతే అని మీటరు ఆపేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది ముబషిరాకు.

పొద్దున్నే బాలయ్య దుకాణానికి వెళ్లింది. కుంపటి వెలిగించలేదు. ఆయన ఊరికే కూర్చున్నాడు.

"తాతా, నీ వెండి మంచిదే. మీటరు పెట్టి చూసిన. తప్పయింది" అంది.

"నాకు చెప్తే ఏమొస్తది బిడ్డా? అది వెండని నాకు ముందే ఎరుక" అన్నాడు బాలయ్య మెల్లగా. "ఎరుక లేనోళ్లు వేరే ఉన్నరు."

ఆ మధ్యాహ్నం అదే వరండాలో, అదే పిల్లల ముందు ముబషిరా నిలబడింది.

"మొన్న నేను చెప్పింది అబద్ధం. అవుసలి తాత ఇచ్చింది అసలు వెండి. మీరు నవ్వుతుంటే తట్టుకోలేక గట్లన్న."

ఎవరూ నవ్వలేదు. గీత ముందుకొచ్చి అడిగింది. "మరి మా అవ్వకు ఎవరు చెప్పాలె?"

"నేనే."

సాయంత్రం మీటరు చంకన పెట్టుకుని గీతతో కలిసి వెళ్లింది. తీగలు పరిచి, అంకెలు చూపించబోయింది. జములమ్మ చేయి అడ్డం పెట్టింది.

"గా లెక్కలు నాకు తెల్వయి. నోటితోటి అన్నవు గద. నోటితోటే చెప్పు."

ముబషిరా మీటరు కింద పెట్టింది. "అవ్వా, తాత మోసం చెయ్యలే. నేనే ఉత్తగ అన్న."

జములమ్మ పళ్లు బిగించింది. తర్వాత తల దించుకుంది. "నువ్వంటే పిల్లవు. ముప్పై ఏండ్ల సంది ఆయన తాన చేపిస్తున్న. నా బుద్ధి ఏడ పోయె?"

పట్టీల మూట కొంగున కట్టుకుని లేచింది. "నడువు. ఇద్దరం పోదాం."

బజారులో ముగ్గురు అడిగారు, మళ్లీ అటే పోతున్నావేమని. జములమ్మ నోరు తెరవకముందే ముగ్గురికీ ముబషిరానే జవాబు చెప్పింది. తాత మోసం చెయ్యలేదని, తనే అబద్ధమాడానని ప్రతిసారీ చెప్పింది.

బాలయ్య మూట అందుకుని త్రాసు తీశాడు.

"జోకుడెందుకు బాలయ్యా, పెట్టుకో" అంది జములమ్మ.

"జోకాలె" అన్నాడు ఆయన. పట్టీలు ఒక పళ్లెంలో, నాలుగు తులాల రాళ్లు ఇంకో పళ్లెంలో వేశాడు. "ముబషిరా, ఇట్ల రా. సరిగ్గ ఉన్నదో లేదో నువ్వు చెప్పు. గట్టిగ చెప్పాలె."

పక్క దుకాణాలవాళ్లు తలెత్తి చూశారు. త్రాసు ముల్లు అటు ఊగింది. ఇటు ఊగింది. సరిపోయిందని ముబషిరాకు అనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఆగింది. ముల్లు ఇంకా సన్నగా వణుకుతోంది.

అది పూర్తిగా నిలబడేదాకా చూసింది. ఆ తర్వాతే నోరు తెరిచి, వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది.

"సరిగ్గ ఉన్నది తాతా!"