ఆయన బయట కారులో ఉన్నారు

ఆ ఇంట్లో తెల్లారితే ముందు లేవాల్సింది కారు. అది లేచేదాకా ఎవరూ గడప దాటడానికి లేదు.

రాత్రంతా షెడ్డులో అది నేలను కరుచుకుని పడుకునేది. మామూలు కార్లకుండే స్ప్రింగులు దానికి లేవు. వాటి బదులు చక్రాల దగ్గర గాలి నిండే రబ్బరు తిత్తులుంటాయి. కొత్తలో గతుకుల రోడ్డు మీద కూడా కప్పులో కాఫీ తొణకనిచ్చేది కాదట. ఇప్పుడు తిత్తులు పాతబడ్డాయి. ఇంజను ఆపితే చాలు, గాలి కారిపోయి బండి నడుము విరిగినట్టు కూలబడుతుంది. మళ్లీ ఇంజను వేసి ఓపికగా కూర్చుంటే, ముందు వెనకభాగం, తర్వాత ముందుభాగం మూలుగుతూ పైకి లేస్తాయి. ఆ లేవడం చూసి కూతురు దానికి దొరగారని పేరు పెట్టింది.

"దొరగారు లేచారా నాన్నా?" ఆ ఉదయం కూడా వంటింట్లోంచి కేకేసింది.

"లేస్తోంది, లేస్తోంది. మీ అమ్మని తయారవమను," అన్నాడు మీసాలాయన, స్టీరింగు ముందునుంచి కదలకుండానే.

ఆయన్ని ఆ వీధిలో అందరూ మీసాలాయన అనే అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పెద్ద హోటలు గుమ్మం దగ్గర ఇత్తడి గుండీల కోటు వేసుకుని, వచ్చేవాళ్ల కారు తలుపులు తీసి నిలబడ్డాడు. తలుపు మూసుకునే చప్పుడు వింటే చాలు, వెనక్కి తిరక్కుండానే అది ఏ కారో చెప్పేవాడు. కొన్ని డబ్బా మూతల్లా మోగుతాయి. ఈ కారు తలుపు మాత్రం మెత్తగా, పుస్తకం మూసినట్టు మూసుకునేది. రిటైరయ్యాక, హోటలుకు వచ్చే ఒక పెద్దమనిషి తన పాత కారు వదిలించుకుంటుంటే కళ్లు మూసుకుని కొనేశాడు. ఆ రోజు తలుపు తీసి మూసి, తీసి మూసి, చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ తర్వాత దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. తోలు సీట్లకు నూనె రాయడం, లోపలి చెక్కకు పాలిష్ పట్టడం, పాత కార్లు విడగొట్టి అమ్మే చోటికి వెళ్లి ఎక్కడో ఒక గొట్టం, ఎక్కడో ఒక బుడిపె ఏరుకు రావడం, ఇదే పని. తిత్తులు మాత్రం దొరకలేదు. దొరికినవి ఇంకా పాతవి.

ఆయనకొక నియమం ఉండేది. నలుగురి ముందు ఇంజను ఆపడు. పెళ్లికి వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా భార్యనూ కూతురినీ దింపి, తాను కారులోనే కూర్చునేవాడు. దానికి ఆయన కారణం ఆయనకుంది. హోటలు గుమ్మం దగ్గర పనిచేసే రోజుల్లో ఒకాయన ఇలాంటి ముసలి కారులోనే వచ్చేవాడు. దాని ముందు మూతలోంచి పొగలు వచ్చేవి. "ఆవిరి దొరగారొచ్చారు రోయ్" అని గుమ్మం దగ్గరి వాళ్లంతా లోలోపల నవ్వుకుంటూ, పైకి వంగి సలాం కొట్టేవారు. ఆ పేరు పెట్టింది మీసాలాయనే. ఆ నవ్వు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టే, అది తనవైపు తిరుగుతుందంటే ఆయనకు ప్రాణం చచ్చిపోయేది.

ఇవాళ భార్యను కళ్ల ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మామూలు పరీక్షే అని ఆవిడ చెప్పింది. ఈమధ్య మాటిమాటికీ వెళుతోంది. ఆస్పత్రి వరండా ముందు దింపడం, మళ్లీ ఎక్కించుకోవడం ఆయన పని.

కారు పూర్తిగా లేచింది. ఆయన కాలు యాక్సిలరేటరు మీదే ఉంచి, చెయ్యి చాచి పక్క తలుపు తెరిచాడు. ఇంట్లోంచి భార్య చేతిసంచీతో గబగబా వచ్చింది. వచ్చి, బార్లా తెరిచి ఉన్న తలుపుకు ఎడమ భుజం ఫెడీమని కొట్టుకుంది.

"అయ్యో అమ్మా! అంత పెద్ద తలుపు కనబడలేదా?" వెనకే వస్తున్న కూతురు పరుగెత్తింది.

"ఏదో పరధ్యానం. ఏం కాలేదులే."

"మొన్న బీరువాకి కొట్టుకున్నావు. అదీ ఎడమవైపే. ఇలా కూర్చో."

కూతురు కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. తల్లిని మెట్టు మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. "నా ముక్కు వంకే చూడు. తల తిప్పకు. వేళ్లు కదులుతుంటే చెప్పు."

కుడివైపు నుంచి చెయ్యి తెచ్చింది. "ఆఁ, కదులుతున్నాయి," అంది తల్లి. ఎడమవైపు నుంచి తెచ్చింది. తల్లి మాట్లాడలేదు. కూతురు చెయ్యి దగ్గరికి, ఇంకా దగ్గరికి జరుపుకుంటూ వచ్చింది. దాదాపు ముక్కు ముందుకు వచ్చాక, "ఇప్పుడు," అంది తల్లి చిన్నగా.

"త్వరగా కానివ్వండి, ముల్లు పైకి పోతోంది!" కారులోంచి మీసాలాయన అరిచాడు. ఇంజను వేడి చూపించే ముల్లు గురించి ఆయన బాధ.

కూతురు లేచింది. కారు దగ్గరికి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, తాళంచెవి తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది.

"ఏం చేశావే! మళ్లీ లేవాలంటే ఎంతసేపు పడుతుందో తెలుసా?"

"లేవకపోతే మానె. నాన్నా, అమ్మకి ఎడమవైపు చూపు లేదు."

కారు నిట్టూర్చి నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆయన కూడా దాంతోపాటే దిగుతున్నాడు.

"చూపు లేకపోవడమేమిటి?"

"అమ్మనే అడుగు."

భార్య మెట్టు మీదనుంచే చెప్పింది. "నీటికాసులట, గ్లకోమా అంటారే, అది. రెండు కళ్లకీ ఉంది, ఎడమది ఎక్కువట. పోయిన చూపు మళ్లీ రాదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలుస్తుందంది."

"ఎప్పుడు చెప్పింది?" కూతురు అడిగింది.

"ఎండలు ముదరకముందు."

"ఇప్పుడు వానలు పడుతున్నాయమ్మా!"

మీసాలాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చానండీ. ఆ రోజు డాక్టరమ్మ గదిలోంచి గోడ పట్టుకుని బయటికొచ్చాను. కారు తలుపు తీశాను. 'త్వరగా ఎక్కు, ముల్లు పైకి పోతోంది' అన్నారు. ఎక్కాను. ఇల్లు చేరేదాకా మీరు ఆ ముల్లు వైపే చూశారు. ఇంటికొచ్చాక ఇక నాకు నోరు రాలేదు."

ఆ రోజు ఆయనకు గుర్తే. ముల్లు ఎర్రగీత దాటకుండా ఇల్లు చేరినందుకు ఎంత సంబరపడ్డాడో కూడా గుర్తే. ఆ సాయంత్రం కారు ముందు మూత నిమిరి, "పరువు నిలబెట్టావు తల్లీ" అని కూడా అన్నాడు.

"ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకు వస్తేగానీ ఆపరేషన్‌కి రోజు ఇవ్వరట," భార్య కొనసాగించింది. "వెళ్లినప్పుడల్లా అడుగుతారు, మీతో ఎవరొచ్చారని. ఆయన బయట కారులో ఉన్నారంటాను. అయితే పిలవండి అంటారు. ఈసారికి చుక్కలమందు ఇవ్వండి, వచ్చేసారి తీసుకొస్తానని చెప్పి వచ్చేస్తాను. అమ్మాయికి చెబితే మీతో పోట్లాడుతుందని దానికీ చెప్పలేదు."

"పిలిస్తే రానా? నేనంత కసాయివాణ్నా?"

"వచ్చేవారే. కానీ ఇంజను ఆపి రావాలిగా. అంతమంది ముందు అది కూలబడితే మీ ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. గుమ్మం దగ్గర జీవితమంతా ఒకళ్లకి వంగినవారు. ఇప్పుడైనా తలెత్తుకు తిరుగుతున్నారు కదా అని..."

ఆవిడ తిట్టినా బాగుండేది. నాలుగు గిన్నెలు విసిరినా బాగుండేది. తన పరువు కోసం ఆవిడ తన చూపును కొద్దికొద్దిగా పోగొట్టుకుంటూ, గోడలకు కొట్టుకుంటూ, ఒక్క మాట అనలేదు. ఆ సంగతి తెలిసి మీసాలాయనకు తల తీసేసినట్టయింది.

"నువ్వొక్కడివే కాదు నాన్నా," అంది కూతురు. "ఊళ్లోవాళ్ల కళ్లన్నీ నేను చూస్తాను. ఇంట్లో అమ్మ గ్లాసు పక్కన నీళ్లు పోస్తుంటే, చూసి పొయ్యకూడదా అని కసురుకున్నాను. చూసి పొయ్యమన్నాను!" చున్నీతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

కారు అడుగంటా దిగిపోయింది. లోపల మీసాలాయన దాదాపు నేలమీద కూర్చున్నట్టున్నాడు. ఇద్దరినీ కిందనుంచి పైకి చూడాల్సి వచ్చింది. బయటికి రాబోతే మోకాళ్లు సహకరించలేదు. కూతురే కళ్లు తుడుచుకుని, చెయ్యిచ్చి లాగింది.

"నేను తీసుకెళ్తాను," అన్నాడాయన తలొంచుకుని.

"తీసుకెళ్లడం కాదు నాన్నా. ఎప్పుడూ తీసుకెళ్తూనే ఉన్నావు. లోపలికి వెళ్లాలి. దుకాణం తాళాలు నా దగ్గరున్నాయి, ఇచ్చేసి నేనూ వస్తాను. కానీ నేనొచ్చేదాకా ఆగకు."

"కారొద్దులెండి, బస్సులో పోదాం," అంది భార్య. ఇప్పుడు కూడా ఆయనకు దారి వదులుతోంది. బస్సులో వెళితే ఎవరూ నవ్వరు. అందుకే ఆయన వద్దన్నాడు. ఇన్నాళ్లూ ఏ చోట తప్పించుకున్నాడో అక్కడే ఇంజను ఆపాలనిపించింది.

దొరగారు లేవడానికి ఆ రోజు మరీ బెట్టు చేశారు. దారిలో వాన పట్టుకుంది. మీసాలాయన ఒక్కసారి కూడా ముల్లు వైపు చూడలేదు. భార్య వైపు చూద్దామనుకున్నాడుగానీ ధైర్యం చాలలేదు.

ఆస్పత్రి దగ్గర ఎప్పుడూ ఆపే చోట, వరండాకు ఇవతలే, ఆవిడ అలవాటుగా దిగిపోయింది. "మీరిక్కడే ఉండండి. అవసరమైతే కబురు పెడతాను."

"నువ్వు పద. వస్తున్నా."

ఆవిడ నవ్వినట్టే నవ్వి వెళ్లింది. నమ్మలేదని ఆ నడకే చెప్పింది. ఎడమచెయ్యి ముందుకు చాచి, గాలిలో తడుముకుంటూ మెట్లెక్కుతోంది. ఇన్నిసార్లు ఇక్కడే కూర్చుని ఆవిడ వెళ్లడం చూశాడు. ఆ చెయ్యి ఒక్కనాడూ ఆయన కంటపడలేదు.

కారును సరాసరి వరండా ముందుకు తెచ్చాడు. వానకు నిలబడిన జనం పక్కకు జరిగారు. అంత పెద్ద కారు చూసి గార్డు పరుగున వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు. "చిన్న పనేనా సార్? అయితే ఇంజను ఆపక్కర్లేదు, ఉండనివ్వండి. ఎవరూ ఏమనరు."

మీసాలాయన చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. ఎంత మర్యాదగా చెప్పాడు! ఒక్క నిమిషం కూర్చుని, కూతురొచ్చాక వెళ్తే మాత్రం ఏమవుతుంది అని ఒక పాడు ఆలోచన రానే వచ్చింది. వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. తాళంచెవి తిప్పేశాడు.

దొరగారు అందరి ముందూ బుస్సుమన్నారు. ముందు వెనకభాగం, తర్వాత ముందుభాగం, తాపీగా నేలకు దిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. "గేదె కూర్చున్నట్టు కూర్చుందిరా!" అన్నారింకెవరో. గార్డు పెదవి బిగించి, ముఖం మాత్రం ఎంతో వినయంగా పెట్టాడు. ఆ ముఖం మీసాలాయనకు బాగా తెలుసు. అది తన పాత ముఖమే.

"ఇది మళ్లీ లేస్తుందో లేదో నేను చెప్పలేను బాబూ," అన్నాడు, కారు అంచు పట్టుకుని కష్టంగా లేస్తూ. "దారికి అడ్డమైతే తిట్టుకోండి. లోపల మా ఆవిడ ఒక్కతే ఉంది."

గార్డు నవ్వేశాడు. నవ్వినా మోచెయ్యి పట్టుకుని పైకి లేపాడు.

లోపల కౌంటరు ముందు భార్య నిలబడి ఉంది. ఆయన జనంలోంచి దారి చేసుకుని వెళ్లి, ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆయాసంతో మాట రాలేదు.

కౌంటరులో అమ్మాయి తలెత్తకుండా అడిగింది. "మీతో ఎవరొచ్చారమ్మా?"

"మా ఆయన బయట కారులో ఉన్నారమ్మా," అంది భార్య.

ఆయన ఆవిడ ఎడమవైపు నిలబడి ఉన్నాడు. భుజం భుజానికి తగిలేంత దగ్గరగా ఉన్నాడు. అయినా ఆవిడకు కనబడలేదు. పేరు మాత్రమే విన్న రోగం ఎంతటిదో మీసాలాయనకు అప్పుడు అర్థమైంది. బయటి నవ్వులన్నీ కలిపినా ఇంత కోయలేదు.

"ఇక్కడే ఉన్నానే," అన్నాడు చివరికి.

ఆవిడ ఉలిక్కిపడి తల పూర్తిగా ఎడమకు తిప్పింది. ఆయన్ని చూసింది. తర్వాత ఆయన వెనక, గాజు తలుపుల అవతల, నేలమీద చతికిలబడ్డ కారునూ, దాని చుట్టూ మూగిన జనాన్నీ చూసింది.

"అయ్యో, ఇంజను ఆపేశారా? అందరూ చూస్తున్నారండీ!"

"చూడనీ. నేను చూడాల్సింది చూడలేదు." ఆయన మీసాల మీదుగా కన్నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. "నన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదే నాకు."

ఆవిడ చేతిసంచీ కుడిచేతికి మార్చుకుని, ఖాళీ అయిన ఎడమచెయ్యి ఆయన చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ మెత్తగా మాట్లాడలేదు. మొదట్లోనే వచ్చి ఉంటే ఇంకొంత మిగిలేదని ఆయన ముఖం మీదే చెప్పింది. ఆయన వింటూ కూర్చున్నాడు. ఉన్నంత చూపు నిలబెట్టవచ్చని, వచ్చే వారమే ఆపరేషన్ అని చెప్పాక, అప్పుడే గదిలోకి వచ్చిన కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

బయట వాన తగ్గింది. దొరగారు తాళంచెవి తిప్పినా పలకలేదు. గ్యారేజీవాళ్లు వచ్చేదాకా దాని చుట్టూ తాడు కట్టి ఉంచుతానని గార్డు అన్నాడు. భార్య అలవాటుగా మెట్ల మీద ఎడమచెయ్యి చాచింది. చాచీ చాచకముందే అక్కడ ఆయన చెయ్యి ఉంది.

"నెమ్మది. ఇటు నీళ్ల గుంట ఉంది," అన్నాడు మీసాలాయన. "దాని తర్వాత ఒక మొద్దు కారు."

ఆవిడ నవ్వింది. ముగ్గురూ బస్సు ఆగే చోటికి నడిచారు. దారిపొడుగునా ఎడమవైపు ఏమేముందో ఆయన చెబుతూనే ఉన్నాడు.