జేబు లోపలి రెండో గుడ్డ

“ఉరి తేదీ వచ్చిందే తల్లీ...” అంటూ అత్తగారు గడపలోనే కూలబడింది. జైలు నుంచి వచ్చిన కాగితం చేతిలోనే ఉంది. “కన్నకొడుకుని నేనే చంపుకున్నాను! ‘ఈ చొక్కా మీవాడిదేనా’ అని కోర్టులో అడిగితే, నీ కుట్టు ఆనవాలు పట్టి, ‘మావాడిదే బాబూ’ అనేశాను...”

కోడలు కుట్టుమిషను ఆపింది. హత్య జరిగిన చోట దొరికిన ఆ చొక్కాను ఆమె కంటితో చూసిందే లేదు. విచారణ నాటికి టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో పడి ఉంది. అత్త గుర్తుపట్టిందంటే ఆయనదే అయ్యుంటుంది, ఆరేసిన తీగ మీంచి ఎవడో ఎత్తుకెళ్లి ఉంటాడు అనుకుంది. ఆయన చొక్కాల గళ్లగుడ్డతోనే వీధిలో సగం మందికి తానే కుట్టిన సంగతి, అయ్యో, ఈ తొమ్మిదేళ్లూ తట్టనేలేదు!

ఆ మాట విని, వాళ్ల కేసు చూస్తున్న వకీలమ్మ కాళ్లరిగేలా తిరిగి, పై కోర్టులో ఆ చొక్కా మూట విప్పించింది. కోడలు జేబులో వేలు పెట్టి చూసి, కెవ్వుమంది.

“ఇది మా ఆయనది కాదు!”

“కుట్టింది నువ్వే కదమ్మా?” అన్నాడు జడ్జి.

“కుట్టింది నేనేనయ్యా, తొడుక్కున్నది ఆయన కాదు! ఆయన వడ్రంగి. పెన్సిళ్లూ మేకులూ జేబులో కుక్కి, వారానికో చిల్లు తెచ్చేవాడు. తిట్టి తిట్టి నా నోరే నొప్పి పుట్టి, జేబు లోపల రెండో గుడ్డ వేయడం మొదలుపెట్టాను. ఇంకెవరికీ వేయలేదు... గుడ్డ దండగ కదయ్యా!”

ఇంటి నుంచి తెచ్చిన ఆరు పాత చొక్కాలనూ జడ్జి స్వయంగా తిరగేశాడు. ఆరింటికీ రెండు పొరలు. నెత్తురు మరకల చొక్కాకు ఒకటే! ఒక నిండు ప్రాణం అరచేతి వెడల్పు గుడ్డకు వేలాడుతోంది...

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?”

“నన్నెవరు అడిగారయ్యా...?”

అంతటి జడ్జీ కళ్లద్దాలు తీసి, ఆ బట్టలు కుట్టే మనిషి ముందు తల దించుకున్నాడు!

ఉరి ఆగింది. కేసు మళ్లీ విచారించి, నాలుగు నెలలకు నిర్దోషి అన్నారు.

మిట్టమధ్యాహ్నం ఆయన ఇల్లు చేరాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా చేతులు కట్టుకుని, తల వంచుకుని, బయటే నిలబడిపోయాడు.

“నా మొహం చూడలేకే రావడం లేదే...” తల్లి గోడకు ముడుచుకుపోయింది.

“కాదత్తయ్యా! జైల్లో ఎవరో పొమ్మంటే తప్ప తొమ్మిదేళ్లుగా ఆయన గుమ్మం దాటలేదు. మీరు పిలవండి.”

తల్లి రెండడుగులు ముందుకేసింది.

“లోపలికి రా, నాన్నా...!”

ఆయన వచ్చాడు.